పాడించి చూడండి

సంగీత పత్రిక డిజైన్ పని చేతికొస్తే చాలామంది ముందుగా పత్రిక పేరు టైపు చేస్తారు. కంప్యూటర్లో ఉన్న ఫాంట్లన్నీ ఒక్కొక్కటిగా ఆ పేరుకు పెట్టి చూస్తారు. ఒకటి మరీ లావు, ఒకటి మరీ వయ్యారం, ఇంకోటి అచ్చం శుభలేఖలా ఉంది. సాయంత్రానికి పేరు రకరకాలుగా తయారవుతుంది, లోపలి పేజీ ఒక్కటీ మొదలవదు. మర్నాడు మళ్లీ అదే పని. అలిసిపోయాక ఏదో ఒకటి ఖాయం చేసేస్తారు. ఆ తర్వాత దాన్ని చూసినప్పుడల్లా అనుమానమే.

ఈ అధ్యాయంలో నేను చెప్పబోయే వరస వేరు. పేరు సంగతి చివర్లో చూద్దాం. ముందు మీ పత్రికలో అన్నిటికన్నా కష్టమైన పేజీ ఏదో గుర్తుపట్టండి. సంగీత పత్రికలో అది స్వరలిపి పేజీ. స్వరం, దాని స్థాయి చుక్క, కాలం గీత, తాళం గుర్తు, కింద సాహిత్యం. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడకుండా నిలబెట్టగల అక్షరం దొరికిందంటే వ్యాసాలూ ఇంటర్వ్యూలూ ప్రకటనలూ దానితో సర్దుకుంటాయి. పేరుకు అందంగా ఉందని ఎంచుకున్న ఫాంటు స్వరలిపి పేజీకి వచ్చేసరికి చేతులెత్తేస్తే, అప్పటికి పత్రిక సగం తయారై ఉంటుంది. మళ్లీ మొదటికి రావాలి.

మీరు మొగల్తూరులో ఉన్నారనుకుందాం. ఊరి పేరు వినగానే అందరికీ సినిమా గుర్తొస్తుంది, కృష్ణంరాజు, చిరంజీవి పుట్టిన ఊరు కాబట్టి. కానీ మీ పత్రిక చేరవలసిన వాళ్లు వేరే ఉన్నారు. గుళ్లో శనివారం భజన చేసేవాళ్లు, పెళ్లిళ్లకు సన్నాయి వాయించే కుటుంబాలు, హార్మోనియం ముందేసుకుని పాత నాటక పద్యాలు పాడే పెద్దలు, నరసాపురమో పాలకొల్లో వెళ్లి గీతాలు, వర్ణాలు నేర్చుకునే పిల్లలు, ట్రాక్ పెట్టుకుని సినిమా పాట సాధన చేసే కుర్రాళ్లు. వీళ్లకోసం మూడు నెలలకోసారి 32 పేజీల పత్రిక వేద్దామని నలుగురు పెద్దవాళ్లు కమిటీగా కూడి, డిజైన్ మీకు అప్పజెప్పారు. డబ్బు తక్కువ. ఏ4 సైజు, లోపలంతా ఒకే రంగు. మీ దగ్గర ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు ఉన్నాయి. ఈ పాఠకులు పత్రికను చదివి పక్కన పెట్టేవాళ్లు కారు, ఎదురుగా పెట్టుకుని పాడేవాళ్లు. మీ ఎంపిక అంతా ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంటుంది.

"ఏది బాగుందండీ?"

రెండు నమూనాలు పట్టుకెళ్లి ఎవరినైనా ఈ మాట అడగండి. జవాబు తప్పకుండా వస్తుంది. ఒకాయన కుడిచేతిలోది అంటారు, ఇంకొకాయన ఎడమచేతిలోది అంటారు. మీ మీద అభిమానం ఉన్నవాళ్లు రెండూ బాగున్నాయంటారు. కమిటీలో పెద్దాయన ఒకటి వేలు పెట్టి చూపించారంటే మిగతా వాళ్లు దానికే తలూపుతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మనం అడిగిన ప్రశ్నకు వాళ్ల దగ్గరున్నది అభిప్రాయమే. అభిప్రాయాలు ఎన్ని పోగేసినా, పాట నేర్పే మాస్టారికి తార షడ్జం, అంటే పైస్థాయి స, కనబడుతోందా లేదా అన్నది తేలదు.

ఇంకోలా అడగండి. "మాస్టారూ, ఈ పేజీ పెట్టుకుని ఒక్కసారి పాడతారా అండీ?" అని పేజీ ఆయన ముందు పెట్టి, మాట్లాడకుండా పక్కన కూర్చోండి. చేతిలో పెన్సిలు, అదే పేజీ ఇంకో కాపీ ఉంచుకోండి. ఎక్కడ ఆగారో అక్కడ గీత పెట్టండి. ఎక్కడ ముందుకు వంగారు, ఎక్కడ కళ్లజోడు సవరించుకున్నారు, పైస్థాయి పాడాల్సింది మధ్యస్థాయిలో పాడి వెనక్కి ఎక్కడ వచ్చారు, ఏ వరస మధ్యలో వేలు పెట్టుకోవాల్సి వచ్చింది, అన్నీ గుర్తు పెట్టండి. పాట అయ్యాక ఆ కాగితం చూడండి. ఫాంటు గురించి మీకు కావలసిన జవాబు అందులో ఉంటుంది.

ఇందులో ఒక మెలకువ ఉంది. ఆయనకు వచ్చిన కీర్తన ఇవ్వకండి. వచ్చిన పాటైతే పేజీ ఊరికే ముందుంటుంది, పాడేది జ్ఞాపకంలోంచి. ఎప్పుడూ పాడని గీతమో, అరుదైన రాగంలో స్వరజతో ఇవ్వాలి. రెండు ఫాంట్లు పోల్చాలంటే ఒకే పాట రెండుసార్లు పాడించినా లాభం లేదు, రెండోసారి ఎలాగూ బాగా పాడతారు. ఇంచుమించు ఒకే బరువున్న రెండు పాటలు తీసుకోండి. ఒకరికి మొదటి ఫాంటు ముందు, మరొకరికి రెండో ఫాంటు ముందు ఇవ్వండి. మాస్టారు కాక, నేర్చుకుంటున్న పిల్ల ఒకరు, స్వరలిపి రాకపోయినా సాహిత్యం చూసి పాడే భజన గాయకుడు ఒకరు తప్పకుండా ఉండాలి. ముగ్గురూ ఒకేచోట తడబడితే అక్కడ తప్పు అక్షరానిదే.

ఈ పద్ధతి పేజీతో పాటు మీ మనసుకూ మేలు చేస్తుంది. "బాగుందా" అని అడిగినప్పుడు మనల్ని మనమే తూకానికి పెట్టుకుంటాం. ఎవరైనా పెదవి విరిస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు. "పాడండి" అన్నప్పుడు పరీక్ష పేజీకి. తప్పు బయటపడితే సంతోషమే, అచ్చయ్యాక కనపడాల్సింది ముందే కనపడింది. చిన్న ఊళ్లో పని చేసే కుర్రాళ్లు పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పలేక మంచి నిర్ణయాలు వదులుకోవడం నేను చాలా చూశాను. పెన్సిలు గీతలున్న కాగితం చేతిలో ఉంటే ఎదురు చెప్పాల్సిన పనే ఉండదు. చూపిస్తే చాలు.

స్వరలిపి పెట్టే కష్టం

ఇప్పుడు అసలు పేజీకి వద్దాం. తెలుగులో స్వరాలు ఏడు అక్షరాలు: స రి గ మ ప ద ని. కొందరు ద బదులు ధ రాస్తారు. ఏడే కదా అనిపిస్తుంది. కానీ తెలుగు అక్షరానికి పైనా కిందా ఏదో ఒకటి ఉంటుంది. పైన తలకట్టు, గుడి. కింద ఒత్తు. స్వరలిపి కూడా సరిగ్గా ఆ రెండు చోట్లే అడుగుతుంది. తారస్థాయికి పైన చుక్క, మంద్రస్థాయికి కింద చుక్క, రెండో కాలానికి పైన ఒక గీత, మూడో కాలానికి రెండు గీతలు. తారస్థాయి రిషభం తీసుకోండి. ర మీద గుడి, గుడి మీద చుక్క, చుక్క మీద గీత. గుడి గుండ్రంగా ఎత్తుగా ఉన్న ఫాంటులో ఈ మూడూ కలిసి సిరా మరకలా అవుతాయి. గుడి కాస్త అణిగి ఉన్న ఫాంటులో మూడూ విడివిడిగా నిలుస్తాయి. అలంకారం ఎక్కువున్న ఫాంట్లు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి.

రెండోది ధైవతం. ద కింద చిన్న నిలువు గీత పెడితే ధ అవుతుందని మనకు తెలుసు. మంద్ర ధైవతానికి ద కింద చుక్క పెట్టి 9 పాయింట్లలో అచ్చు వేస్తే చుక్కా గీతా ఒకేలా కనబడతాయి. ఒకే పత్రికలో ఒక రచయిత ద, ఇంకో రచయిత ధ రాసి పంపితే పాడేవాడికి అది మంద్రమో మధ్యమో తెలియదు. ధ ఎంచుకుంటే ఆ గీత కిందే చుక్క పెట్టాలి, మరింత కిందికి దిగుతుంది. నా సలహా, పత్రిక మొత్తానికి ద నే ఖాయం చేసుకోండి. చుక్క అక్షరానికి అంటకుండా స్పష్టంగా ఎడంగా ఉండాలి. వ్యాసంలో మాత్రం ధైవతం అనే రాయండి, అక్కడ చుక్కల బెడద లేదు.

మూడోది ప, స. రెండూ దగ్గరి పోలికలున్న అక్షరాలు. స లోపలి మెలిక సన్నగా ఉన్న ఫాంటులో, నాసి కాగితం మీద ఆ మెలిక పూడుకుపోతే షడ్జం పంచమంలా కనిపిస్తుంది. సంగీతంలో ఇంతకన్నా పెద్ద అచ్చుతప్పు ఉండదు. ఫాంటు ఎంచేటప్పుడు స, ప, మ మూడూ పక్కపక్కన పెట్టి, చిన్న సైజులో ప్రింటు తీసి, చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి.

దూరం గురించి ఇంకొంచెం చెప్పాలి. చేతిలో పట్టుకుని చదివే పత్రికకూ కంటికీ మధ్య 35 సెంటీమీటర్ల దూరం ఉంటుంది. హార్మోనియం మీద పెట్టినా, వీణ పక్కన నేల మీద పెట్టినా అది 70 సెంటీమీటర్ల దాకా పోతుంది. దూరం రెట్టింపైతే, అక్షరం కంటికి అంతే కనపడాలంటే సైజూ రెట్టింపు కావాలి. వ్యాసం 11 పాయింట్లలో ఉంటే స్వరం 22 ఉండాలన్నమాట. అంత చోటు మనకు లేదు. అయితే పాడేవాడికి రావలసిన అక్షరాలు ఏడేనని ముందే తెలుసు కనుక 16 పాయింట్లలో కూడా పోల్చుకోగలడు. అంతకన్నా తగ్గించకండి.

ఇంకో మాట, పాయింట్లను గుడ్డిగా నమ్మకండి. ఒక పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు అన్నది నిజమే. కానీ అది అక్షరం ఎత్తు కాదు, అక్షరానికి కేటాయించిన చోటు. ఆ చోటులో ఒక ఫాంటు అక్షరాన్ని నిండుగా నింపుతుంది, ఇంకోటి ఒత్తులకోసం చోటు వదిలి అక్షరాన్ని చిన్నగా కూర్చోబెడుతుంది. ఒకే 12 పాయింట్లలో రెండు తెలుగు ఫాంట్లు పెట్టి చూస్తే ఈ తేడా మీకే కనిపిస్తుంది. అందుకని ప్రింటు తీసి, స ఎత్తు స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి పోల్చండి.

ఇప్పుడు వెడల్పు. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్లు. రెండు పక్కలా 20 చొప్పున వదిలితే 170 మిగులుతుంది. ఆది తాళ వర్ణంలో అక్షరకాలానికి నాలుగు స్వరాల చొప్పున ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 32 వస్తాయి. ఒక్క వరసలో ఇరికిస్తే స్వరానికి 5.3 మిల్లీమీటర్లు. 16 పాయింట్ల మా, పా ఆ గడిలో పట్టవు. సగం ఆవర్తనం ఒక వరసగా వేసుకుంటే గడికి 10.6 వస్తుంది, స్వరం హాయిగా కూర్చుంటుంది, కింద సాహిత్యాక్షరానికీ చోటుంటుంది. తాళంలో మొదటి సగమైన లఘువు ఒక వరస, మిగతా సగమైన రెండు ద్రుతాలు కలిపి ఇంకో వరస. పాడేవాళ్లకు తాళం కూడా కంటికి కనబడుతుంది. గడుల కొలత తెలిశాకే ఫాంటు చూడండి. వెడల్పు తక్కువున్న అక్షరాలు కావాలో, మామూలువి చాలో ఆ కొలతే చెబుతుంది.

చుక్కల విషయంలో ఒక ఉపాయం. చుక్కను అక్షరానికి అతికించే యూనికోడ్ గుర్తులున్నాయి గానీ చాలా తెలుగు ఫాంట్లలో అవి సరైన చోట కూర్చోవు. ఒక్కోసారి అక్షరం పక్కన ఖాళీ చుక్కల వలయం కనబడుతుంది. దానితో కుస్తీ పట్టకుండా టేబుల్ వేసుకోండి. మొదటి అడ్డ వరస తార చుక్కలకు, రెండోది స్వరాలకు, మూడోది మంద్ర చుక్కలకు, నాలుగోది సాహిత్యానికి. చుక్క మామూలు చుక్కే, దాని గడిలో అది ఉంటుంది. ఫాంటు మార్చినా చెదరదు. సాహిత్యం వరసకూ దాని కింద వచ్చే చుక్కల వరసకూ మధ్య కాస్త ఎక్కువ ఎడం వదలండి. శ్రీ, స్త్రీ, ష్ట్ర లాంటి వాటి ఒత్తులు కిందికి దిగి కింది వరస తార చుక్కను తగులుకుంటాయి.

ఇదంతా చూసి జంకవద్దు. ఇంతకన్నా కష్టమైన పనిని మనవాళ్లు సీసపు అక్షరాలతో చేశారు. 19వ శతాబ్దం చివర్లో తచ్చూరు సింగరాచార్యులు సోదరులు మద్రాసులో గాయక పారిజాతం, గాయక లోచనం లాంటి పుస్తకాలను తెలుగు లిపిలో వేశారు. 1904లో ఎట్టయపురంలోని విద్యావిలాసినీ ముద్రాక్షరశాల నుంచి సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెచ్చారు. తమిళనాట, తెలుగు అక్షరాల్లో. అందులో స్వరాలు, చుక్కలు, కాలం గీతలతో సరిపెట్టలేదు. కంపితానికి, స్ఫురితానికి, నొక్కుకు, రవకు, జారుకు ఒక్కొక్క గమకానికీ ఒక్కొక్క గుర్తు పెట్టారు. వేల గుర్తుల్ని ఒక్కొక్కటిగా చేత్తో పేర్చాలి, ప్రూఫు చూడాలి, తప్పుంటే ఊడదీసి మళ్లీ పేర్చాలి. అప్పటికి దీక్షితుల వయసు 60 దాటింది. ఈ గ్రంథాన్ని తరువాత మద్రాసు మ్యూజిక్ అకాడమీ తమిళ లిపిలో కూడా ప్రచురించింది. పాత తెలుగు ప్రతి స్కాన్ దొరుకుతుంది. ఒక పూట కేటాయించి తిరగేయండి. చదవడానికి కాకపోయినా చోటు ఎలా వదిలారో చూడటానికి. కాకినాడ నుంచి వచ్చిన గానకళ పత్రిక పాత సంచికలు ఏ ఇంట్లోనైనా కనపడితే వాటినీ చూడండి.

సంగీత పత్రిక అనగానే డిజైన్ చదువుకున్న పిల్లలు అమెరికా పత్రిక రే గన్‌ను చూపిస్తారు. దాని డిజైనర్ డేవిడ్ కార్సన్ 1994లో గాయకుడు బ్రయాన్ ఫెర్రీతో చేసిన ఇంటర్వ్యూ తనకు నచ్చలేదని, మొత్తాన్ని అక్షరాలే లేని గుర్తుల ఫాంటు జాఫ్ డింగ్‌బాట్స్‌లో పెట్టేశాడు. ఆ ధైర్యాన్ని నేను గౌరవిస్తాను. ఆ పత్రిక పాఠకులకు పాట రికార్డులో వినబడుతుంది, పేజీ దానికి తోడు. మన పత్రికలో పాట పేజీలోనే ఉంటుంది. అందుకే అక్కడి స్వేచ్ఛ ఇక్కడికి పనికిరాదు.

వ్యాసాల అక్షరం

స్వరలిపి నిలబడ్డాక వ్యాసాల ఫాంటు త్వరగానే తేలుతుంది. పరీక్షకు సంగీతం మాటలే పెట్టండి: శ్యామశాస్త్రి, సౌరాష్ట్ర, శుద్ధ ధన్యాసి, ఖరహరప్రియ, క్షేత్రయ్య, ముత్తుస్వామి దీక్షితులు, జంఝూటి. ష్ట్ర, స్త్రి దగ్గర ఒత్తు మీద ఒత్తు కలగాపులగం కాకుండా ఉండాలి. ఝ చూడగానే ఝ అనిపించాలి. ఇవి నెగ్గిన ఫాంటు మిగతా తెలుగంతా నెగ్గుతుంది.

ఖర్చు లేకుండా దొరికేవి ఈ రోజు చాలా ఉన్నాయి. నోటో సాన్స్ తెలుగులో సన్నం నుంచి బాగా లావు దాకా తొమ్మిది మందాలున్నాయి. హింద్ గుంటూరులో అయిదు. ఏక్ టైప్ వాళ్ల అనెక్ తెలుగులో మందంతో పాటు వెడల్పును కూడా తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. పైన చెప్పిన గడుల లెక్కకు ఇది చక్కగా పనికొస్తుంది. అక్షరంలో సన్నం లావుల తేడా ఉండి పుస్తకం చదివినట్టుండాలంటే నోటో సెరిఫ్ తెలుగు, టీరో తెలుగు చూడండి. టీరో అక్షరాలు హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం వారి మూర్తి క్లాసికల్ లైబ్రరీ కోసం గీసినవి. ఆ లైబ్రరీ 2015లో తెచ్చిన మొదటి పుస్తకాల్లో పెద్దన మనుచరిత్ర ఒకటి. కూచుని తాపీగా చదివే పేజీకోసం పుట్టిన అక్షరాలని చూడగానే తెలుస్తుంది.

పెద్దన, ధూర్జటి, తిమ్మన, సూరన్న, మల్లన్న, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ అనే పేర్లతో కూడా ఫాంట్లున్నాయి. పేరు మీద గౌరవంతో ఫాంటు ఎంచకండి. వీటిలో చాలావాటికి మందం ఒక్కటే ఉంటుంది. రామభద్ర లాంటి లావు అక్షరం హెడ్డింగుకు బావుంటుంది, వ్యాసం మొత్తం అందులో పెడితే కళ్లు అలిసిపోతాయి. ఒక్క మందమే ఉన్న ఫాంటును సాఫ్ట్‌వేర్‌లో బోల్డ్ బటన్ నొక్కి లావు చేయడం మరీ ప్రమాదం. గీతలు అన్ని వైపులా ఉబ్బి, స, ష లోపలి మెలికలు పూడుకుపోతాయి. లావు కావాలంటే లావుగా గీసిన ఫాంటే వాడాలి.

తెలుగుకు వరసల మధ్య ఎడం ఇంగ్లిషుకన్నా ఎక్కువ కావాలి. 11 పాయింట్ల అక్షరానికి 16 పాయింట్ల లీడింగ్ పెట్టి మొదలెట్టండి, ఒత్తులు తగులుతుంటే ఇంకొంచెం పెంచండి. ఫాంట్లు మొత్తం పత్రికకు రెండు చాలు, ఒకటి స్వరలిపికీ హెడ్డింగులకూ, ఒకటి వ్యాసాలకు. మూడోది కావాలని ఎవరైనా పట్టుబడితే అది ఏ పేజీలో ఏం పని చేస్తుందో ఒక వాక్యంలో రాసిమ్మనండి.

పత్రిక పేరు

ఇప్పుడు పేరు దగ్గరికి రావచ్చు. దీనికి ఫాంటే అవసరం లేదంటాను నేను. పత్రిక పేరు పది పదిహేను అక్షరాలకు మించదు. వాటిని చేత్తో రాయించవచ్చు. రోలింగ్ స్టోన్ పత్రిక 1967లో మొదలైనప్పుడు దాని పేరును రిక్ గ్రిఫిన్ అనే పోస్టర్ చిత్రకారుడు చేత్తోనే గీశాడు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. మొగల్తూరుకు దగ్గర్లోని నరసాపురంలో 1933 డిసెంబరు 15న సత్తిరాజు లక్ష్మీనారాయణ పుట్టారు. ఆయనే బాపు. ఆయన బొమ్మకు ఎంత పేరో ఆయన రాతకూ అంత పేరు. బాపు రాత తర్వాత ఫాంటుగా మారి తెలుగు దేశమంతటా శుభలేఖల మీదికి ఎక్కింది. ఇవాళ ఆ ఫాంటులో ఏం పెట్టినా పెళ్లి పిలుపులా కనిపించేది అందుకే. ఆ అక్షరాల అందం తగ్గలేదు, మన కంటికి వాటితో ఒక సందర్భం ముడిపడిపోయింది.

బాపు నుంచి తీసుకోవాల్సింది ఆయన ఫాంటు కాదు, ఆయన పద్ధతి. ఒక మాటకోసం ఆ మాటను రాయడం. మీ ఊళ్లో గోడల మీద పేర్లు రాసే ఆర్టిస్టులు ఇంకా ఉన్నారు. ఫ్లెక్సీలు వచ్చాక వాళ్లకు పని తగ్గింది, చెయ్యి మాత్రం పోలేదు. ఒకరిని పిలిచి, పత్రికలో ఏముంటుందో చెప్పి, కుంచెతో పేరు పదిసార్లు రాయించండి. డబ్బులివ్వండి, లోపలి పేజీలో పేరు వేయండి. నచ్చినదాన్ని స్కాన్ చేసి గీతల్ని శుభ్రం చేసుకోండి. అలాంటి పేరు ఇంకే పత్రికకూ ఉండదు.

కంప్యూటరు, ప్రెస్సు

డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పని చేసే పాతవాళ్లున్నారు. వాళ్ల వేగం, వాళ్ల కన్ను గొప్పవి, వాళ్ల దగ్గర నేర్చుకోండి. పత్రిక మాత్రం యూనికోడ్‌లో చేయండి. పాత పద్ధతిలో కంపోజ్ చేసిన మేటర్‌ను ఫోన్లోకి కాపీ చేస్తే అర్థం కాని గుర్తులు వస్తాయి. రెండేళ్ల తర్వాత ఎవరైనా మోహన రాగం పాట ఏ సంచికలో ఉందని అడిగితే వెతకడానికి దారి ఉండదు. సంగీత పత్రికకు పాత సంచికలే అసలు ఆస్తి.

ఇన్‌డిజైన్ వాడితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోవచ్చు. అది కొనే స్తోమత లేకపోతే స్క్రైబస్ కొత్త వెర్షన్లు తెలుగును సరిగ్గానే చూపిస్తాయి. ఫాంటు లైసెన్సు తప్పక చదవండి. నేను పైన పేర్లు చెప్పిన ఉచిత ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నవి, వాటిని అచ్చు పత్రికలో వాడుకోవడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. అమ్మకానికున్న ఫాంటు దొంగ కాపీ ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో ఇస్తే తీసుకోకండి. అక్షరం గీసినవాడి కష్టం కూడా మీ కష్టం లాంటిదే.

లేజర్ ప్రింటు చూసి నిర్ణయం తీసుకోవద్దు. పత్రిక అచ్చయ్యేది భీమవరంలోనో పాలకొల్లులోనో ఆఫ్‌సెట్ మీద, చవక కాగితం మీద. మనది సముద్రం పక్క మండలం, పేరుపాలెం తీరం ఇక్కడే. గాలిలో తేమ ఎక్కువ, కాగితమూ ఆ తేమను పీలుస్తుంది. నాసి కాగితం మీద సిరా పాకి సన్నని గీతలు లావెక్కుతాయి, చిన్న ఖాళీలు మూసుకుపోతాయి. ప్రెస్సు వాళ్లను బతిమాలి, ఇంకెవరిదో పని నడుస్తున్నప్పుడు ప్లేటు పక్కన మిగిలిన చోటులో మీ స్వరలిపి ఒక్క పేజీ వేయించండి, మీరు వాడబోయే కాగితం మీదే. ఆ కాగితం తెచ్చి మాస్టారి ముందు పెట్టి పాడించండి. అప్పుడు కూడా స, ప విడివిడిగా కనిపిస్తే మీ ఫాంటు ఖాయమైనట్టే.

కమిటీ ముందు కూర్చున్నప్పుడు ఫాంట్ల జాబితా తీసుకెళ్లకండి. ఒకే ఒక నమూనా, దాని వెనక పెన్సిలు గీతల కాగితాలు తీసుకెళ్లండి. "ఇది మాస్టారు పాడారండి, ఇక్కడ ఆగారు, అందుకని గడి వెడల్పు చేశాను. ఇది తొమ్మిదో తరగతి పాప పాడింది, చుక్క కనపడలేదంది, పెద్దది చేశాను" అని చెప్పండి. ఎవరైనా "ఆ ఇంకో ఫాంటు స్టైల్‌గా ఉండేదిగా" అంటే కాదనకండి. దాన్లో కూడా ఒక పాట కంపోజ్ చేసి ఇస్తానని, ఆయన్నే పాడి చూడమని అడగండి. పాడి చూస్తే ఆయనే తేలుస్తారు. ఆయనకు అందులో సాఫీగా నడిచిందంటే, మీరు కూడా ఆ ఫాంటును మళ్లీ చూడాల్సిందే.

మొదటి సంచిక అచ్చయ్యాక ఒక కాగితం మీద అన్నీ రాసి పెట్టుకోండి: స్వరం ఏ ఫాంటు, ఎన్ని పాయింట్లు, గడి ఎన్ని మిల్లీమీటర్లు, చుక్క ఎంత, వ్యాసం ఎన్ని పాయింట్లు, లీడింగ్ ఎంత, ధైవతానికి ద అన్న సంగతి, ఏ కాగితం, ఏ ప్రెస్సు. నాలుగు సంచికల దాకా ఫాంట్లు మార్చకండి. పాఠకుడి కన్ను ఒక అక్షరానికి అలవాటు పడటానికి ఆ మాత్రం సమయం కావాలి. సంచిక చేరిన వారం పది రోజులకు పాడేవాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల కాపీలు అడిగి చూడండి. ఎవరైనా పెన్నుతో చుక్కలు దిద్దుకుని ఉంటే, స్వరం పక్కన పెద్దగా మళ్లీ రాసుకుని ఉంటే ఆ పేజీ ఫోటో తీసుకోండి. రెండో సంచికకు కూర్చున్నప్పుడు ముందుగా ఆ ఫోటోలు తెరిచి, ఆ గడుల్నే సరిచేయండి.